అడుగు లేని మడుగు

మన భాషలో "అడుగు" అను మాటకు మూడర్థములు గలవు. మోపిన పాదమును అడుగే. పండ్రెండంగుళముల కొలతయు అడుగే. కుండకుగాని, బావికిగాని, మడుగునకుగాని క్రిందనుండు తలమును అడుగే. ఈ మూడర్థములకును పొత్తు లేకపోలేదు. నీటిలో దిగినవాని పాదము ఎచ్చట నిలుచునో అదియే ఆ నీటికి అడుగు; అచ్చటివరకు ఎన్ని పాదములో అదియే దాని కొలత. సంస్కృతమునందును ఇట్టి భావమే కలదు. గాధమనగా కాలు నిలుచునంతటి నీరు, అగాధమనగా కాలు నిలువనిది. కాలు నిలువనంతమాత్రమున అడుగే లేదని అర్థము కాదు. అయినను జనులు అగాధమును అడుగు లేనిదిగానే తలపోయుచు వచ్చిరి. తన కాలు ఎచ్చట ఆగిపోయినదో అచ్చటనే ప్రపంచమును ఆగిపోయినదని యనుకొనుట మానవునకు సహజమైన బలహీనత.

మన పల్లెలలో ఇట్టి మడుగు లేని ఊరు అరుదు. ఏదో యొక గుండమో, కోనేరో, వాగు మలుపునందలి లోతు నీరో యుండును. "ఏడు మంచముల నులక విప్పి ముడివేసి దింపినను అడుగు తగులలేదట" అని పెద్దలు చెప్పుదురు. ఆ నులకను దింపినవారెవరో, ఏ యేట దింపిరో అడిగినచో బదులు రాదు. తాతగారు వినిరి, వారి తాతగారును వినిరి. చూచినవాడు లేడు. అడుగు లేదను మాట చెప్పుటకు అందరును కలరు గాని, తాడు చేతబట్టువాడు లేడు. నీటి లోతును కొలుచు విద్య చరిత్రమంతయు, నిజముగా విచారించినచో, ఆ తాడు చేతబట్టినవారి చరిత్రమే.

అట్టివారు మనలో లేకపోలేదు. అమరసింహుడు తన నిఘంటువున జలసంబంధములగు మాటలను చెప్పుచు, అగాధమునకు తలము తగులనిదని అర్థము నొసగి, ఆ పంక్తియందే జాలరుల నామములను చెప్పెను. అది ఛందస్సు వలన గలిగిన పొరుగే కావచ్చును. కాని ఉచితమైన పొరుగు. తలము తగులదని పండితుడు వ్రాసికొనుచుండగా, గడ వేసి తలమును తాకుచున్నవాడు బెస్తవాడు. మోకాటిలోతు, మొలలోతు, రొమ్ములోతు, పీకలలోతు, నిలువులోతు అని శరీరమునే కొలబద్దగా జేసికొన్న మాటలు వారి నోటనుండి వచ్చినవే. రెండు చేతులు చాపినచో బార. ఆంగ్లేయ నావికుల "ఫాదము" అను కొలతయు చేతులు చాచిన పొడవే. తూము రాతిపై ఎన్ని వరుసలు మునిగినవో చూచి, ఎన్ని మళ్లకు ఎన్ని తడులకు నీరు వచ్చునో చెప్పగల నీరటికాడును ఈ విద్య నెరిగినవాడే. వారి తెలివిని మనము పుస్తకములలో చేర్చుకొనలేదు. అందువలన తాడు పట్టినవాని మాట మఱుగున పడి, నులక మంచముల కథ నిలిచినది.

ఇట్టి కథలు మన దేశమునకే పరిమితములు గావు. అమెరికా దేశమున కాంకర్డు అను ఊరి చెంత వాల్డెను అను చిన్న చెరువు కలదు. దానికి అడుగు లేదని ఆ ఊరివారు నమ్మియుండిరి. హెన్రీ డేవిడ్ థోరో అను వివేకి, భూమి కొలుచు వృత్తి నెరిగినవాడు, 1846లో చలికాలపు మంచుమీద నిలిచి, చేపలు పట్టు సన్నని దారమునకు ఒక రాయిని గట్టి ఆ చెరువును కొలిచెను. మిక్కిలి లోతైన చోట నూటరెండు అడుగులు తేలినది. ఇతరులకు దొరకని అడుగు ఆతనికెట్లు దొరికెను? ఇందులో మర్మ మేమియు లేదు. మోటుతాడు నీటిలో కొంత తేలును, కొంత వంకర బోవును. బరువు చాలనిచో రాయి అడుగును తాకిన సంగతి చేతికి తెలియదు. తాడు మాత్రము చుట్టలు చుట్టుకొనుచు దిగుచునే యుండును. దింపువాడు ఇంకను లోతున్నదనుకొనును. సన్నని దారము, తగిన బరువు ఉన్నచో, రాయి అడుగును వీడునప్పటి పట్టు వ్రేళ్లకు తెలియును. ఏడు మంచముల నులక ఎవరైన నిజముగా దింపియున్నను, అది మడుగు లోతును గాక నులక పొడవును మాత్రమే తెలిపియుండును.

లోతు పెరిగినకొలది ఈ చిక్కు పెరుగును. వందల బారల లోతున తాటి బరువే గుండు బరువును మించిపోవును. గుండు ఆగినను తాడు తన బరువుచేతనే దిగుచుండును. విలియం థామ్సన్ అను శాస్త్రజ్ఞుడు 1872లో తాటికి మారుగా పియానో వాద్యమునకు వాడు ఉక్కుతీగను వాడి ఈ దోషమును చాలవఱకు తొలగించెను. తీగ సన్నము, గట్టిది, నీరు దానిని ప్రక్కకు లాగదు. ఇట్టి తీగతోనే 1886లో క్లారెన్స్ డట్టన్ అమెరికాలోని క్రేటర్ సరస్సును నూటయరువదికి పైగా స్థలములలో కొలిచి, 1,996 అడుగుల లోతు గలదని ప్రకటించెను. 1959లో ధ్వనియంత్రముతో మరల కొలువగా 1,932 అడుగులని తేలినది. 2000 సంవత్సరమున మఱింత సూక్ష్మమైన పరికరములతో కొలువగా ఆ సంఖ్యయు కొన్ని అడుగులు మారినది. ఒక్క సరస్సునకు మూడు సంఖ్యలు! ఇది శాస్త్రమునకు లోపమని కొందఱందురు. నాకు మాత్రము ఇదియే దాని గౌరవముగా తోచును. ఏ సంఖ్యయైనను మరల కొలుచువఱకే చెల్లునని ఒప్పుకొనుట నులక మంచముల కథకు చేతగాని పని.

ఈ విద్యకై శ్రమపడినవారిలో ఇద్దఱిని గూర్చి చెప్పవలెను. 1863లో రష్యా ప్రభుత్వముపై లేచిన తిరుగుబాటులో పాల్గొని సైబీరియాకు వెడలగొట్టబడిన పోలండు దేశీయుడు బెనెడిక్ట్ డిబోవ్‌స్కీ, శిక్ష ననుభవించుచునే తోటి ఖైదీలతో గూడి, బైకాల్ సరస్సు గడ్డకట్టినపుడు మంచునకు రంధ్రములు చేసి గుండు దింపి లోతులు కొలిచెను. స్కాట్లండు దేశమున ఫ్రెడరిక్ పుల్లర్ అను యువకుడు తీగచుట్టతో లోతు కొలుచు యంత్రమును నిర్మించి, సర్ జాన్ మర్రేతో గూడి ఆ దేశపు సరస్సులను కొలువసాగెను. 1901 ఫిబ్రవరిలో ఒక సరస్సుపై మంచు పగిలి జనులు నీట మునుగుచుండగా, రక్షింపబోయి ఆతడు ప్రాణములు విడిచెను. తండ్రి లారెన్స్ పుల్లర్ దుఃఖమును దిగమ్రింగి, కొడుకు పని ఆగకుండ ధనము నిచ్చెను. 562 సరస్సులు కొలువబడినవి. పుత్రునకు శిలావిగ్రహము నిలుపు తండ్రులు పెక్కురు. పుత్రుని పనిని పూర్తిచేయించు తండ్రులు కొందఱే.

తాడును, తీగను మించిన సాధనము ధ్వని. 1826లో జెనీవా సరస్సుపై కొలాడన్, స్టుర్మ్ అను ఇరువురు ఒక పరీక్ష చేసిరి. ఒక పడవనుండి నీటిలో గంటను మ్రోగించి, ఆ క్షణముననే పైన తుపాకిమందును వెలిగించిరి. సుమారు పదమూడున్నర కిలోమీటర్ల దూరమున మఱియొక పడవలో, నీటిలోనికి దించిన గొట్టమునకు చెవి యొగ్గి కూర్చుండినవాడు వెలుగు కనబడినది మొదలు ధ్వని వినబడువఱకు గల కాలమును లెక్కించెను. నీటిలో ధ్వని సెకండునకు సుమారు 1,435 మీటర్లు పోవునని తేలినది. గాలిలో పోవుదానికంటె ఇది నాలుగింతలకు పైన.

ఆ సంఖ్య లోతును కొలుచుటకు వాడుకలోనికి వచ్చుటకు ఎనుబదియేండ్లకు పైగా పట్టెను. 1912లో టైటానిక్ ఓడ మంచుకొండను తాకి మునిగిపోగా, మంచుకొండలను దూరమునుండియే కనుగొను ఉపాయమునకై పలువురు వెదకిరి. జర్మనీలో అలెగ్జాండర్ బేమ్ ధ్వనిని పంపి చూడగా, మంచుకొండనుండి ప్రతిధ్వని సరిగా రాలేదు. సముద్రపుటడుగునుండి మాత్రము స్పష్టముగా వచ్చినది. 1913లో ఆతడు ఆ ఉపాయమునకు హక్కుపత్రము పొందెను. మంచుకొండకై వేసిన వలలో సముద్రపుటడుగు చిక్కినది. లెక్క ఏడవతరగతి పిల్లవాడు చేయదగినంత సులభము: ధ్వని పోయి వచ్చిన కాలమును వేగముచే గుణించి, పోకకు రాకకు గాన సగము చేయవలెను. నీటి చలి, ఉప్పు వేగమును మార్చును గావున ఆ సవరణ చేసికొనవలెను. అంతే.

ఇట్లు కొలువగా తేలిన సంగతి యేమనగా, భూమిపై నన్నిటికంటె లోతైన సరస్సు బైకాల్: 1,642 మీటర్లు. ఆ లోతునకు ధ్వని పోయివచ్చుటకు రెండు సెకండ్లు దాటును. దాని తరువాతిది ఆఫ్రికాలోని టాంగన్యికా, సుమారు 1,470 మీటర్లు. ఉప్పునీటి కాస్పియన్ వేయిమీటర్లకు కొంచెము పైన. భూమి పైపొర చీలి ఇరుప్రక్కల ఎడమైనచోట్ల బైకాల్, టాంగన్యికా వంటివి యేర్పడినవి. అగ్నిపర్వతము శిఖరము కుంగినచోట క్రేటర్ సరస్సు యేర్పడినది. మంచునదులు త్రవ్వినచోట జెనీవావంటివి యేర్పడినవి. బైకాల్ అడుగున మట్టి యే సుమారు ఏడు కిలోమీటర్ల మందమున పేరుకొని యున్నది. రెండున్నర కోట్ల యేండ్లుగా నదులు మట్టిని తెచ్చి పోయుచుండినను అది పూడకుండుటకు కారణము, క్రింద భూమి యింకను చీలుచుండుటయే. పూడికను మించిన వేగముతో క్రుంగు భాగ్యము ఆ సరస్సునకు గలదు.

మన తెలుగుదేశమునకు ఆ భాగ్యము లేదు. ఇచ్చటి నేల మిక్కిలి పాతది, కదలిక తక్కువది. సహజ సరస్సులని చెప్పదగిన కొల్లేరు, పులికాటు కొలది అడుగుల లోతువి. తక్కినవన్నియు మానవుడు కట్టవేసి నిలిపిన చెరువులే. అనగా మన నీటికి లోతు భూగర్భ మిచ్చినది కాదు, మనము సంపాదించుకొన్నది. సంపాదించినది కాపాడుకొననిచో పోవును.

ఈ సంగతి మన పూర్వు లెఱుగుదురు. కడప సీమలోని పోరుమామిళ్ల చెరువుకట్ట చెంత క్రీ. శ. 1369 నాటి సంస్కృత శాసనము కలదు. విజయనగర రాజగు బుక్కరాయల కుమారుడు భాస్కరుడు ఆ చెరువును త్రవ్వించెను. దినమునకు వేయిమంది చొప్పున పనిచేయగా రెండేండ్లలో ముగిసినదట. ఆ శాసనమున మంచి చెరువునకు పండ్రెండు అంగములును, ఆఱు దోషములును చెప్పబడినవి. జలశాస్త్ర మెఱిగినవాడు, గట్టి మట్టి నేల, తీయని నీటి యేఱు, కొండల నడుమ దృఢమైన కట్ట, పని నేర్చిన కూలివారు మొదలగువాని సరసన, విశాలమై లోతైన గర్భమును ఒక అంగముగా లెక్కించిరి. దోషములలో కట్టనుండి నీరు ఊరుట, చవిటినేల, రెండు రాజ్యముల పొలిమేర మొదలగువానితోపాటు, గర్భము నడుమ తాబేటివీపువలె మెరకయుండుటను చేర్చిరి. పైనుండి చూచువానికి నిండు చెరువే; లోన మాత్రము మెరక. నీటి పై చూపునకు మోసపోరాదని ఆరు వందల యేండ్లక్రిందటనే శిలపై చెక్కించినవారి సంతతి మనము.

ఇక మన జోగిపేటకు చేరువనున్న మంజీరకు వత్తము. బాలాఘాట్ కొండలలో పుట్టి, బీదరు, మెదకు సీమల రేగళ్లను త్రొక్కుచు, కందకుర్తి వద్ద గోదావరిలో కలియు ఈ నదిపై 1923లో నిజాంసాగరము ఆరంభమై 1931లో ముగిసినది. హైదరాబాదు రాజ్యపు ఇంజనీరు నవాబు ఆలీ నవాజ్ జంగు దాని నిర్మాత. అది కట్టబడుచుండిన కాలముననే, 1930 మార్చిలో, మన జోగిపేటలో నిజాము రాష్ట్రాంధ్ర మహాసభ మొదటి సమావేశము సురవరము ప్రతాపరెడ్డిగారి యధ్యక్షతన జరిగినది. ఒకచోట తెలుగువాడు తన చదువునకును భాషకును గలిగిన కొఱతను లెక్కించుకొనుచుండెను. దిగువన నది నీటిని లెక్కించి నిలుపుచుండిరి. రెండును ఆ తరమువారు మనకిచ్చిన ఆస్తులే.

నిజాంసాగరము నాటి లెక్క సుమారు 29.7 టి.ఎం.సి. టి.ఎం.సి. యనగా నూరుకోట్ల ఘనపుటడుగులు. కట్టునపుడు, ఏటేట 530 ఎకరపుటడుగుల మట్టి వచ్చి చేరునని అంచనా వేసిరి. ఎకరము నేలపై అడుగు మందమున పరచిన దానికి ఎకరపుటడుగని పేరు. కాలాంతరమున గర్భమును మరల కొలిచి చూడగా, ఏటేట చేరినది 8,725 ఎకరపుటడుగులని తేలినది. ఒకటికి పదునాఱు! నాలుగు దశాబ్దములలోనే సగమునకు పైగా పూడిపోయినది. పిమ్మట నీటిమట్టమును కొన్ని యడుగులు పెంచినను నేడు లెక్కకు వచ్చునది సుమారు 17.8 టి.ఎం.సి. మాత్రమే.

ఇందు నష్టపోయిన దెవరు? తూము దగ్గఱి రైతు కాదు. కాలువ చివరి రైతు. కట్టమీదనుండి చూచినచో జలాశయము నిండుగానే కనబడును, అలుగు దుముకును, పత్రికలలో నిండినదని వచ్చును. నాటి పట్టికలో వ్రాసిన నీటిని నమ్మి నారుపోసినవాని మడి మాత్రము పొట్టదశలో ఎండును. ఆతడు తన కర్మమని యనుకొనును, లేదా ఎగువవాడు దొంగిలించెనని తగవులాడును. నిజమునకు దొంగ నీటి క్రింద నున్నాడు. వానిని పట్టుకొనుటకు తాడు దింపవలెను.

ఆ మట్టి యెక్కడిది? మన పొలములదే. వానకు కొట్టుకొనిపోయిన రేగడియే జలాశయమున పూడిక యగును. మనకు సమీపముననే పటాన్‌చెరువులో 1972లో స్థాపితమైన అంతర్జాతీయ మెట్టపంటల పరిశోధన సంస్థ, ఇక్రిశాట్, నల్లరేగడి నేలలలో 1976 మొదలు పరీక్షలు జరిపినది. వానకాలమున నేలను బీడుగా విడుచు పాతపద్ధతి మళ్లనుండి పోవు మట్టి, వెడల్పు బోదెలు చాళ్లు తీసి వానకాలముననే పైరు వేసిన మళ్లనుండి పోవుదానికి నాలుగు రెట్లకు పైగా నుండునని తేలినది. కావున చెరువు లోతు కట్టవద్ద కాక పొలము గట్టువద్దనే నిలుచుచున్నది, లేదా పోవుచున్నది. 2015లో తెలంగాణ ప్రభుత్వము మిషన్ కాకతీయ యను పేర నలువదియాఱు వేలకు పైబడిన చెరువులను బాగుచేయ సంకల్పించి, పూడిక తీసి ఆ మట్టిని రైతుల పొలములకు చేర్పించినది. ఇది తలంపులో మంచి పని. కాని ఎంత తీసితిమో తెలియుటకు తీయుటకు ముందును, తీసిన పిమ్మటను కొలువవలెను. కొలువక తీసినచో లెక్క బండ్లకే గాని చెరువునకు దొరకదు.

కొలువని త్రవ్వకము ప్రాణాంతకము గూడ. మొరమునకై, ఇటుకమట్టికై చెరువులలో నిట్టనిలువుగా త్రవ్వి విడిచిన గుంతలు తొలకరికి నిండిపోవును. నిన్నటివఱకు మోకాటిలోతని యెఱిగిన పిల్లవాడు నేడు అదే చోట దిగును. ఊరివారు మడుగున దయ్యమున్నదని, ఏటేట ఒక బలి కోరుచున్నదని చెప్పుకొందురు. దయ్యము కాదు, రెండు నిలువుల గుంత. గుంత చుట్టును నాలుగు గుంజలు పాతి, లోతు వ్రాసిన పలక నొకటి కట్టినచో ఆ దయ్యము పాఱిపోవును.

నేడు మన సమీపమున మంజీరపై సింగూరు జలాశయము కలదు. దాని పూర్ణమట్టము 523.6 మీటర్లని పత్రికలలో చదువుదుము. కొందఱు ఆ సంఖ్యను లోతని భ్రమింతురు. అది సముద్రమట్టమునకు పైన నీటి ఉపరితలమున్న యెత్తు మాత్రమే. నీటి పై అంచు ఎచ్చటనున్నదో అది చెప్పును. క్రింది అంచు ఎచ్చటనున్నదో చెప్పదు. క్రింది అంచును కనుగొనుటకు పడవపై ధ్వనియంత్రమును, ఉపగ్రహ సంకేతములచే పడవ స్థానమును గుర్తించు పరికరమును ఉంచుకొని, జలాశయమును ఒక యొడ్డునుండి మఱియొక యొడ్డునకు దున్నినట్లు గీతలు గీతలుగా తిరుగవలెను. హెచ్చు స్వరముగల ధ్వని మెత్తని బురద పైననే తిరిగివచ్చును. తగ్గు స్వరముగలది బురదను దూరి గట్టినేలను తాకివచ్చును. రెండింటి నడుమనున్న భేదమే పూడిక. విద్య యున్నది, సాధనములున్నవి. అడుగవలసిన ప్రజ అడుగవలెను.

చదువరులారా, మనలో రెండు మూఢనమ్మకములు గలవు. అడుగు లేదనుట మొదటిది. అది చదువులేనివారిదని మనము నవ్వుదుము. ఒకమాఱు కొలిచితిమి గాన ఇక చాలుననుట రెండవది. ఇది చదువుకొన్నవారిది, కాగితముపై అంకెల రూపమున నుండును గావున నవ్వుటకు గూడ ఎవరికిని తోచదు. నష్టము మాత్రము రెండవదానివలననే హెచ్చు.

దీనికి మందు మన యిండ్లలోనే మొదలుపెట్టవచ్చును. బావి గల యింట గట్టి దారమునకు మూరమూరకును ముడివేసి, చివర బరువు కట్టి, నెలకొకమాఱు నీరెంతవఱకున్నదో, నీటి క్రింద అడుగెంత లోతుననున్నదో పిల్లలచేత కొలిపింపవచ్చును. పెద్దవారు దగ్గఱనుండవలెను, దారము ఆడపిల్ల చేతికిని ఇయ్యవలెను. తేదీతో గూడ గోడపై వ్రాయింపవలెను. ఊరి చెరువు విషయమై, నీరు తగ్గిన వేసవిలో పంచాయతివారు బెస్తవారిని, నీరటివారిని పిలిచి, కట్టనుండి ఇన్ని బారల దూరమున ఇంత లోతని గీతలవారీగా వ్రాయించి, ఏటేట వెనుకటి యేటి లెక్కతో సరిచూడవచ్చును. ఖర్చు ఒక దినపు కూలి. ఆ పుస్తకము గ్రామసభలో చదువబడినపుడు, నీరెంత గలదో తెలిసిన పిమ్మటనే కాలువ చివరి రైతు నారు పోసికొనును.